ఆల్పీన్ దగ్గర పియాస్ట్రీ సంతకమే లేనప్పుడు ద్రోహం ఎక్కడిది?

ఆస్ట్రేలియా కుర్ర రేసు డ్రైవర్ ఆస్కార్ పియాస్ట్రీని అకాడమీలో చేర్చుకుని, ఖర్చు పెట్టి, కార్ల రేసుల్లో పై అంచె అయిన ఫార్ములా వన్ గడప దాకా తెచ్చిన ఆల్పీన్ జట్టును కాదని అతడు పోటీ జట్టు మెక్‌లారెన్‌కు వెళ్ళిపోవడం నమ్మకద్రోహం కాదా, కుర్ర డ్రైవర్ల విషయంలోనే ఇలాంటి తగాదాలు ఎందుకు వస్తాయి అని మీరు అడిగారు. ద్రోహం కాదన్నది నా సమాధానం. తప్పు పూర్తిగా ఆల్పీన్‌దే. నేను రేసింగ్ నిపుణుణ్ణి కాను, నల్లగొండలో ఇంటర్ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పే లెక్చరర్‌ను. అయితే ఇదే తగాదా చిన్న ఎత్తున నా కళ్ళ ముందే జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఫార్ములా వన్‌కు కింది మెట్లైన పోటీల్లో పియాస్ట్రీ 2020లో ఫార్ములా 3, 2021లో ఫార్ములా 2 ఛాంపియన్‌షిప్‌లను వరుసగా గెలిచాడు. ఫార్ములా 2 ఛాంపియన్ మళ్ళీ ఆ పోటీల్లో దిగడానికి నిబంధనలు ఒప్పుకోవు. పైన ఫార్ములా వన్‌లో సీటు ఖాళీ లేదు. అందువల్ల 2022 సంవత్సరమంతా అతడు ఆల్పీన్ రిజర్వ్ డ్రైవర్‌గా, పాత కారులో పరీక్షా పరుగులు తీస్తూ, ఎవరికైనా జ్వరం వస్తే తప్ప రేసులో కూర్చునే అవకాశం లేకుండా గడిపాడు. ఆల్పీన్ ఆలోచన వేరుగా ఉండేది. అప్పటికే తమకు నడుపుతున్న ఫెర్నాండో అలోన్సోను మరికొంత కాలం ఉంచుకుని, ఈ కుర్రవాణ్ణి విలియమ్స్ జట్టుకు అప్పుగా పంపవచ్చునని వారు లెక్క వేసుకున్నారు. ఇంతలో సెబాస్టియన్ వెటెల్ రిటైర్మెంట్ ప్రకటించాడు, అతడు ఖాళీ చేస్తున్న ఆస్టన్ మార్టిన్ సీటుకు అలోన్సో వెళుతున్నట్టు 2022 ఆగస్టు 1న ప్రకటన వచ్చింది. సొంత డ్రైవర్ వెళ్ళిపోతున్న సంగతి ఆల్పీన్ అధిపతి ఒట్మార్ సాఫ్‌నవర్‌కు తెలిసింది కూడా ఆ ప్రకటన ద్వారానే. మరునాడు ఆల్పీన్ హడావుడిగా 2023కు మా డ్రైవర్ పియాస్ట్రీయే అని ప్రకటించింది. కొద్ది గంటల్లోనే ఆ కుర్రవాడు, నా అంగీకారం లేకుండా ఈ ప్రకటన ఇచ్చారు, 2023కు నేను ఆల్పీన్‌తో సంతకం చేయలేదు, వచ్చే ఏడాది ఆ జట్టుకు నడపను అని ట్విట్టర్‌లో రాశాడు.

ద్రోహమని అన్నవారంతా ఆ ట్వీట్ దగ్గరే ఆగిపోయారు. నెల తిరిగేలోగా ఈ వ్యవహారం కాంట్రాక్ట్ రికగ్నిషన్ బోర్డు ముందుకు వెళ్ళింది. ఏ డ్రైవర్ మీద ఏ జట్టు ఒప్పందం చెల్లుతుందో తేల్చడానికి ఫార్ములా వన్ ఏర్పాటు చేసుకున్న న్యాయవాదుల మండలి అది. 2022 సెప్టెంబరు 2న వెలువడిన ఏకగ్రీవ తీర్పు ప్రకారం, చెల్లుబాటయ్యే ఒప్పందం ఒక్కటే, అది జూలై 4న మెక్‌లారెన్‌తో చేసుకున్నది. ఆల్పీన్ చేతిలో ఉన్నదల్లా 2021 నవంబరు నాటి షరతుల పత్రం. పూర్తి ఒప్పందం తరువాత రాసుకుంటామన్న మాట మీద నడిచిన ఆ పత్రం నెలలు గడిచినా ఒప్పందంగా మారలేదు. కోట్ల డాలర్ల బడ్జెట్, వందల మంది ఉద్యోగులు, సొంత న్యాయ విభాగం ఉన్న సంస్థ, ఆ తరంలో అందరికన్నా ముందున్న డ్రైవర్ చేత అంత కాలంలో ఒక సంతకం పెట్టించుకోలేకపోయింది. విచారణ ఖర్చులు కూడా చివరికి దాని నెత్తినే పడ్డాయి.

ఇక నేను చూసినది చెబుతాను. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో దేవరకొండ వైపు నుంచి వచ్చిన బైపీసీ విద్యార్థి ఒకడు ఉండేవాడు. తండ్రిది కొద్దిపాటి బత్తాయి తోట. పదో తరగతి మార్కులు చూసి యాజమాన్యం ఆ అబ్బాయికి ఫీజు లేకుండా సీటు, హాస్టల్ ఇచ్చింది. ఇచ్చిన మాట నిలబెట్టుకుందని ఒప్పుకోవాలి. రెండేళ్ళూ బాగానే చూశారు, వాడూ బాగానే చదివాడు. నీట్‌లో కొద్ది మార్కుల తేడాతో ప్రభుత్వ కళాశాల సీటు తప్పింది. అలాంటి విద్యార్థి మరో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుంటే సీటు దాదాపు ఖాయమన్న సంగతి ఈ వ్యాపారంలో ఉన్న అందరికీ తెలుసు. కీ చూసుకున్న రోజు నుంచీ ఆ తండ్రి మా డైరెక్టర్ గది ముందు నిలబడి, మళ్ళీ ఏడాదికి ఫీజు ఎంత, హాస్టల్ ఉచితమా కాదా, ఏదో ఒకటి కాగితం మీద రాసి ఇవ్వమని అడుగుతూనే ఉన్నాడు. చూద్దాం, చేద్దాం, మనవాడే కదా అన్నది తప్ప ఆయనకు వేరే జవాబు దొరకలేదు.

ఈలోగా హైదరాబాద్‌లోని ఒక పెద్ద కోచింగ్ సంస్థవారు ఆ తండ్రి ఇంటికే వెళ్ళి, ఫీజు లేదు, భోజనం ఉచితం, పుస్తకాలు ఉచితం అని లెటర్‌హెడ్ మీద రాసి, ముద్ర వేసి, తండ్రి చేత సంతకం పెట్టించుకుని, ఒక ప్రతి ఆయన చేతిలో పెట్టి వెళ్ళారు. ఈ సంగతి మా కళాశాలలో ఎవరికీ తెలియదు. అబ్బాయి మార్కుల మెమో కోసం వచ్చిన రోజున డైరెక్టర్ వాణ్ణి నేరుగా ఫస్టియర్ క్లాసులోకి తీసుకువెళ్ళి, లాంగ్ టర్మ్ బ్యాచ్‌లో మా తొలి అడ్మిషన్ ఇతడే అని ప్రకటించి చప్పట్లు కొట్టించారు. పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు అంతమంది ఎదుట ఏమంటాడు? నవ్వి, థాంక్యూ సార్ అని తలవంచుకుని వెళ్ళిపోయాడు. ఆ వారమే గడియారం సెంటర్‌లో వాడి నిలువెత్తు ఫోటోతో ఫ్లెక్సీ వెలిసింది.

బస్టాండులో దిగి వస్తూ ఆ ఫ్లెక్సీ చూసిన తండ్రి కళాశాలకు వచ్చినప్పుడు నేను స్టాఫ్ రూమ్ గుమ్మంలోనే ఉన్నాను.

"సారూ, మా పిలగాని బొమ్మ గడియారం కాడ కట్టిన్రు. మేము ఈడ పేరే రాయించలే గద," అన్నాడు ఆయన, గొంతు పెంచకుండానే.

డైరెక్టర్ మాత్రం గొంతు పెంచారు. "రెండేండ్లు తిండి పెట్టి చదువు చెప్పినం. ఇప్పుడు గట్ల పోతమంటే ఎట్లయ్యా? జర విశ్వాసం ఉండాలె."

"తిన్నది నిజమే, మీరు చెప్పిన చదువు నిజమే. అందుకే ఎండకాలమంత మీ ఆఫీసు చుట్టే తిరిగిన. కాయితం రాయున్రి అంటే రేపు మాపు అన్నరు. వాళ్ళు ఇంటికొచ్చి రాసిచ్చిన్రు. నేనేం జేయాలె సారూ?"

దానికి డైరెక్టర్ దగ్గర జవాబు లేదు కాబట్టి, టీసీ, మెమో బీరువాలోనే ఉన్నాయి, ఎట్లా తీసుకుపోతావో చూస్తాను అన్నారు. విద్యార్థి ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపి ఉంచే హక్కు కళాశాలకు లేదని ఆయనకూ తెలుసు. మా లెక్చరర్ల డిగ్రీ, పీజీ పట్టాలు కూడా అదే బీరువాలో ఉండేవన్నది వేరే కథ. విద్యా సంవత్సరం మధ్యలో మేము ఇంకో కళాశాలకు పోకుండా చేసే ఆ పద్ధతి గురించి నేను మొదలుపెడితే ఈ సమాధానం ముగియదు. తరువాత ఆ తండ్రి వెంట ఒక వకీలు వచ్చి, ఈ ఏడాది చదువుతానని వీళ్ళు రాసిచ్చిన పత్రం ఏదైనా ఉంటే చూపండి అని ఒకే ఒక్క మాట అడిగారు. ఫైలంతా వెతికినా ఫస్టియర్ నాటి దరఖాస్తు తప్ప ఏమీ దొరకలేదు. సర్టిఫికెట్లు ఆ సాయంత్రమే బయటికి వచ్చాయి. ఫ్లెక్సీ మాత్రం వానలు పడే దాకా అక్కడే ఉండిపోయింది.

పియాస్ట్రీ తరువాత చెప్పుకున్న వివరం చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. ఇంగ్లండ్‌లో ఎన్‌స్టన్‌లోని ఆల్పీన్ కార్యాలయంలో అతడు సిమ్యులేటర్ (కారు నడుపుతున్నట్టే సాధన చేయించే యంత్రం) పనిలో ఉండగా సాఫ్‌నవర్ వచ్చి, చుట్టూ ఉద్యోగులు ఉండగానే వచ్చే ఏడాది సీటు నీదేనని ప్రకటించారు. విషయం ఎరగని ఆ ఉద్యోగుల ముందు గొడవ చేయడం ఇష్టం లేక అతడు ఊరుకున్నాడు. ఆ ఘటన తనకు వింతగా తోచిందని, బాధ కూడా కలిగించిందని చెప్పాడు. కుర్రవాడు నవ్వాడు, కృతజ్ఞతలు చెప్పాడు అని సాఫ్‌నవర్ అదే ఘటనను తన పక్షానికి సాక్ష్యంగా వాడుకున్నారు. నలుగురిలో నిలబెట్టి చెబితే కుర్రవాడు కాదనలేడన్న ధైర్యంతోనే పెద్దలు ఇలాంటి ప్రకటనలు చేస్తారని నా గట్టి నమ్మకం. పియాస్ట్రీకి మార్క్ వెబ్బర్ వంటి మాజీ డ్రైవర్ మేనేజర్‌గా ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఆ అండ లేని కుర్రవాళ్ళు ఎంతమంది ఇష్టం లేని సీట్లలో కూర్చున్నారో బయటికి రాదు.

విశ్వాసం గురించి మాట్లాడేవారిని నేను ఒకటి అడగదలచుకున్నాను. 2025లో లియమ్ లాసన్‌ను రెడ్‌బుల్ జట్టు రెండంటే రెండు రేసులకే ప్రధాన జట్టు నుంచి దింపి రెండో జట్టుకు పంపింది. అదే ఏడాది ఇదే ఆల్పీన్ తన అకాడమీ నుంచే వచ్చిన జాక్ డూహన్‌ను ఆరు రేసుల తరువాత పక్కన కూర్చోబెట్టి, విలియమ్స్ నుంచి తెచ్చుకున్న ఫ్రాంకో కొలపింటోకు సీటు ఇచ్చింది. అప్పుడు ఏ జట్టునూ ఎవరూ నమ్మకద్రోహి అనలేదు, ఒప్పందంలో వీలుంది, వాడుకున్నారు అన్నారు. ఆ వీలు తన పక్షాన ఉన్నప్పుడు డ్రైవర్ వాడుకుంటే మాత్రం కృతఘ్నత అవుతుందట. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పోటీ జరిగినప్పుడు మహీంద్రా జట్టు రిజర్వ్ డ్రైవర్‌గా ఉన్న మన దేశపు జెహాన్ దారువాలాను చూశాను. మూడేళ్ళు రెడ్‌బుల్ జూనియర్ జట్టులో ఉన్నా అతడికి ఫార్ములా వన్ సీటు రాలేదు. అతడి నుంచి ఆ సంస్థకు రావలసిన విశ్వాసం ఎంతో ఎవరైనా లెక్క కట్టి చెబితే వింటాను. మన పత్రికల క్రీడా పేజీలకు ఇలాంటి సంగతులు పట్టవు. ఐపీఎల్ వేలంలో ఎవరు ఎంతకు పోయారో మాత్రం మొదటి పేజీలో వేస్తారు.

ఇది కొత్త జబ్బు కూడా కాదు. 1991లో బెల్జియంలోని స్పాలో మైకేల్ షూమాకర్ జోర్డాన్ జట్టు తరఫున తొలి రేసుకు వచ్చి, రేసు మొదలయ్యే వరుసను తేల్చే క్వాలిఫైయింగ్‌లో ఏడో స్థానం సాధించి, రేసులో మాత్రం క్లచ్ పోయి మొదటి ల్యాప్‌లోనే ఆగిపోయాడు. తరువాతి రేసుకు ఇటలీలోని మోంజాలో అతడు బెనెటన్ జట్టు కారులో కనిపించాడు. జోర్డాన్ దగ్గర ఉన్నది ముందుముందు ఒప్పందం చేసుకుంటామన్న ఉత్తరం మాత్రమే. జట్టు యజమాని ఎడ్డీ జోర్డాన్ లండన్ హైకోర్టుకు వెళ్ళినా అది నిలబడలేదు. పైన చెప్పిన బోర్డు పుట్టింది ఆ గొడవ తరువాతే. ఆల్పీన్ చేసిన పొరపాటు ముప్పై ఏళ్ళ ముందే ఇంకొకరు చేసి చూపించినదని నేను అంటున్నది అందుకే.

కాగితం సరిగ్గా ఉన్నప్పుడు ఇదే బోర్డు డ్రైవర్ కోరికను లెక్క చేయలేదు. 2004లో జెన్సన్ బటన్ బార్ జట్టును వదిలి విలియమ్స్‌కు వెళతానన్నాడు. తన ఒప్పందంలో లొసుగు ఉందని అతడి పక్షంవారు వాదించారు. బోర్డు బార్‌కే అనుకూలంగా తేల్చింది, బటన్ ఉండిపోయాడు. మరుసటి ఏడాదికి పరిస్థితి తారుమారై, 2006కు విలియమ్స్‌తో చేసుకున్న ఒప్పందం నుంచి బయటపడి పాత జట్టులోనే ఉండడానికి అతడే పెద్ద మొత్తం చెల్లించుకోవలసి వచ్చింది.

ఇంతా చెప్పి డ్రైవర్లు ఏం చేసినా సమర్థిస్తానని అనుకోకండి. అమెరికాలో జరిగే ఇండీకార్ రేసుల్లో పలుమార్లు ఛాంపియన్ అయిన అలెక్స్ పలో సంగతి వేరు. 2024 నుంచి మెక్‌లారెన్ వారి ఇండీకార్ జట్టుకు నడుపుతానని సంతకం చేసి, మెక్‌లారెన్ ఖర్చుతో ఫార్ములా వన్ కారు నడిపి చూసి, 2023 ఆగస్టులో రానన్నాడు, తన పాత జట్టు చిప్ గనాసీలోనే ఉండిపోయాడు. ఫార్ములా వన్ సీటు మీద తనకు ఆశ కల్పించారని, పియాస్ట్రీ రాకతో ఆ దారి మూసుకుపోయిందని అతడి వాదన. మెక్‌లారెన్ లండన్ హైకోర్టుకు వెళ్ళింది, కోటీ ఇరవై లక్షల డాలర్లకు పైగా చెల్లించాలని 2026 జనవరిలో తీర్పు వచ్చింది. ఫార్ములా వన్ సీటు అంత ముఖ్యమైతే ఆ మాట కూడా ఒప్పందంలో రాయించుకుని సంతకం చేయవలసింది. పియాస్ట్రీని, పలోను ఒకే గాటన కట్టి ఈ కాలం కుర్రవాళ్ళకు నీతి లేదనే వారితో నేను ఏకీభవించను. ఒకరు సంతకం చేయని చోటు నుంచి వెళ్ళారు, రెండోవారు సంతకం చేసిన చోటికి వెళ్ళలేదు.