ఆప్షన్లలోకి దిగుతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

ఆప్షన్స్ ట్రేడింగ్ మొదలుపెడుతున్నావని, దానికి 2 లక్షలు పక్కన పెట్టావని మీ అమ్మ చెప్పింది. ఆప్షనంటే గడువు నాటికి ఫలానా ధరకి షేరు లాంటిది కొనే, లేదా అమ్మే హక్కు; ఆ హక్కునే నువ్వు కొని అమ్ముతావు. అప్పు చెయ్యకుండా జీతంలోంచే కూడబెట్టావని విని గర్వపడ్డాను. మిగతాదంతా భయమే. స్టాక్ మార్కెట్ని నియంత్రించే సెబీ 2024లో లెక్క తీసింది: 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ఆడిన కోటిమందికి పైగా మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు. వరసగా నష్టాలొస్తున్నా వాళ్లలో నూటికి 75 మందికి పైగా ఆడుతూనే ఉన్నారు. నన్ను బెదరగొట్టింది ఆ రెండో అంకెరా.

ఉద్యోగం మానకు. పర్సనల్ లోన్ తియ్యకు. టెలిగ్రామ్ టిప్పుల జోలికి పోకు. ఇవి నీకూ తెలుసు.

తెలిసి తెలిసీ చేసే తప్పు ఒకటుంది: పడుతున్నదాన్ని యావరేజ్ చెయ్యడం. యూనిట్ 120 చొప్పున ఒక లాట్ కొన్నావనుకో, లాటంటే 65 యూనిట్ల కట్ట. ధర 80కి పడింది. ఇంకోటి కొంటే సగటు 100కి దిగుతుంది, కాస్త లేస్తే బయటపడొచ్చు అనిపిస్తుంది. కొంటావు. 50కి పడుతుంది. ఈసారి రెండు కొంటావు, సగటు 75. ఒడ్డు దగ్గరపడినట్టే ఉంటుంది గానీ, అప్పటికి నాలుగు లాట్లలో 19,500 రూపాయలు ఇరుక్కున్నాయి. షేరైతే ఏళ్లతరబడి ఉంచుకోవచ్చు. ఆప్షన్‌కి గడువుంది, రోజులు గడిచేకొద్దీ విలువ కరిగిపోతుంది. ఎక్స్‌పైరీ నాటికి సున్నా అయితే మొత్తం పోయినట్టే. మొదట్లోనే 90 దగ్గర వదిలించుకుని ఉంటే పోయేది 1,950.

ఇది తెలివితక్కువతనం కాదు. కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో అచ్చువేసిన పరిశోధన చూడు. ఖాయంగా 3,000 కావాలా, 80 శాతం అవకాశంతో 4,000 కావాలా అంటే 80 శాతం మంది ఖాయమైనదే పుచ్చుకున్నారు. అదే ప్రశ్నని నష్టంగా తిప్పి అడిగితే, ఖాయంగా 3,000 వదులుకోవడానికి 8 శాతం మందే ఒప్పుకున్నారు. మిగతా 92 శాతం 4,000 పోయినా సరేనని జూదానికే మొగ్గారు. అందుకే 8 రూపాయల లాభానికి గబుక్కున అమ్మేసేవాడే, 70 రూపాయల నష్టాన్ని పట్టుకుని కూర్చుంటాడు. చిన్నప్పుడు గోలీలాటలో గెలిచిన రోజు పెందలాడే ఇంటికొచ్చేవాడివి. ఓడిన రోజు చీకటిపడ్డాక చెయ్యిపట్టి లాక్కురావాల్సి వచ్చేది.

కాబట్టి ఎక్కడ దిగాలో కొనకముందే తేల్చుకో. 2 లక్షల్లో ఒక్కో ట్రేడుకి పోతే పోనిచ్చేది 1 శాతం, అంటే 2,000. దాన్ని 65తో భాగిస్తే 30 చిల్లర. 120కి కొంటే 90 దగ్గర స్టాప్‌లాస్, అంటే ధర అక్కడికి పడితే అమ్మెయ్యమనే ఆర్డరు. మనసులో అనుకుంటే చాలదు, కొన్న నిమిషంలోనే ఆర్డరు పెట్టు: ట్రిగ్గర్ (ఆర్డరు కదిలే ధర) 90, లిమిట్ (అంతకన్నా తక్కువకి అమ్మనన్న ధర) 87. రెండూ 90 పెడితే, ధర ఒక్కసారిగా జారినప్పుడు అమ్ముడుపోకుండా చేతిలోనే మిగిలిపోతుంది. రాత్రికి ఏదీ ఉంచుకోకు. పొద్దున మార్కెట్ నిన్నటి ధరకి దూరంగా, గ్యాప్‌తో తెరుచుకుంటే స్టాప్‌లాస్ ఏమీ చెయ్యలేదు. చెయ్యి ఊరుకోక ఇంకో లాట్ కొనబోతే ఒక్క ప్రశ్న వేసుకో: నా దగ్గర ఇది లేకపోతే, ఇప్పుడీ ధరకి కొత్తగా కొంటానా? కొననంటే ఉన్నదీ అమ్మెయ్.

రోజుకి రెండు స్టాప్‌లాస్‌లు తగిలితే యాప్ మూసెయ్. 2 లక్షలు లక్షన్నర అయితే పూర్తిగా ఆపెయ్. అక్కణ్ణుంచి తిరిగి రావడానికే 33 శాతం సంపాదించాలి. సగం పోతే నూటికి నూరు. ఆ రోజు మీ అమ్మకి చెప్పలేకపోతే నాకు ఫోన్ చెయ్యి. ఎంత పోయిందని అడగను. అన్నం తిన్నావా అని అడుగుతాను.

మీ మామయ్య