పేక పజిలు కట్టేటప్పుడు

కర్నూలు

అల్లుడూ,

మీ కాలేజీ గోడపత్రికకని నువ్వు కట్టిన పేక పజిలు చూసినా. 52 ముక్కలూ నలుగురికి పంచి, పేజీ నిండా సూచనలు రాసినావు. దాన్ని పక్కన పెట్టు. తొమ్మిది ముక్కలు చాలు: ఇస్పేటు, ఆఠీను, కళావరు జాతుల్లో ఆసు, రాజు, రాణి. ముగ్గురికి తలా మూడు. వీటిని పంచే దారులు 1,680. ఇంకో జాతి కలిపి ఇంకొకన్ని కూర్చోబెట్టినావంటే అవి 3,69,600 అవుతాయి. రెండో జవాబు ఉందేమో చేత్తో వెతకాల్సింది నువ్వే కాబట్టి చిన్నదే మేలు.

సూచనలు ముందు రాయొద్దు. ముక్కలు చాప మీద తెరిచి పరిచి, మూడు పట్లూ ఆడి (తలా ఒక ముక్క వేస్తే ఒక పట్టు, పెద్ద ముక్క వేసినోడు దాన్ని కొడతాడు), ఏ పట్టులో ఏం పడిందో రాసుకో. అందులోంచి కొంచెం కొంచెంగా బయటపెట్టు.

నియమాలు పైనే రాసెయ్. ఆసు పెద్దది, తర్వాత రాజు, రాణి. ఇస్పేటు తురుఫు, అంటే వేరే జాతిలో ఎంత పెద్ద ముక్కనైనా ఏ ఇస్పేటైనా కొడుతుంది. దిగిన జాతి, అంటే పట్టులో మొదట పడిన జాతి, చేతిలో ఉంటే అదే వెయ్యాల, లేకుంటే ఏదైనా వెయ్యొచ్చు. పట్టు కొట్టినోడే తర్వాత దిగాల.

ఇప్పుడు ఇది చూడు. ఓబులేసు, మద్దిలేటి, గంగన్న ఆడినారు. మొదటి పట్టులో పడినవి మూడూ ఆఠీన్లే, పట్టు గంగన్నది. రెండోదానికి గంగన్న కళావరు ఆసు దిగినాడు, అయినా పట్టు ఓబులేసుకు పోయింది. మూడోది మద్దిలేటి కొట్టినాడు. ఇస్పేట్లు ఎవరి చేతిలో ఏవేవి?

కళావరు ఆసును కొట్టేది తురుఫొక్కటే. ఓబులేసు తురుఫు వేసినాడంటే వాని చేతిలో కళావరు లేదు. ఆఠీన్లు మొదటి పట్టుకే అయిపోయినాయి. కాబట్టి వానికి మిగిలిన రెండూ ఇస్పేట్లే. మూడోసారి వాడు ఇస్పేటే దిగాల, దాన్ని మద్దిలేటి కొట్టినాడంటే మిగిలిన ఇస్పేటు మద్దిలేటిదే, అదీ దిగినదానికంటే పెద్దది.

ఆసు అని టక్కున రాసేస్తావు, అక్కడే పజిలు చెడేది. ఓబులేసు దగ్గర ఆసూ రాణీ ఉన్నాయనుకో. ఆసుతో కళావరును కొట్టి, రాణి దిగినాడు. మద్దిలేటి రాజుతో కొట్టినాడు. సూచనలన్నీ సరిపోయినాయి, జవాబు మాత్రం వేరే. రాణితో పోయేదానికి ఆసు ఎవడు తగలేస్తాడంటావేమో. మద్దిలేటి ఇంకా పెద్ద తురుఫు వేస్తాడేమోనని భయపడేవాడు వేస్తాడు. అసలు ఎవడు తెలివిగా ఆడినాడన్నది రచ్చబండ కాడి వాదన. పజిలుకు నువ్వు రాసిన నియమమే లెక్క.

దీనికి మందు ఒక్క వాక్యం: ‘ఓబులేసుకు ఒక్క ఆసూ రాలేదు.’ దాంతో వానివి రాజు, రాణి, మద్దిలేటిది ఆసు. ఆసు మద్దిలేటిదేనని నేరుగా రాస్తే మాత్రం జవాబులో సగం నువ్వే చెప్పినట్టు.

‘ఎవరి చేతిలో ఏమేమున్నాయి’ అని అడగొద్దు. ఆఠీను రాజు, రాణి ఓబులేసుకు, మద్దిలేటికి అటూ ఇటూ మార్చినా ఏ సూచనా చెడదు. కళావరు రాజు, రాణిదీ అదే కథ, మద్దిలేటి గంగన్నల మధ్య. ఓబులేసు ఇస్పేట్లలో ఏది ముందు పడిందో కూడా తేలదు. తేలినదాన్నే అడగాల.

చివరికి ఒక్కో వాక్యం కొట్టేసి మళ్లీ తిప్పి చూడు. మూడో పట్టు మాట తీసేస్తే ఇస్పేటు ఆసు గంగన్న దగ్గరా ఉండొచ్చు. దిగిన జాతే వెయ్యాలన్న నియమం తీసేస్తే ఓబులేసు కళావరు రాణి దాచుకుని ఇస్పేటు రాజు వేస్తాడు, మద్దిలేటి దాని మీద ఇస్పేటు రాణి పారేసి, మూడో పట్టు ఆసుతో కొడతాడు. గంగన్నకు కళావరు రాజు మిగులుతుంది. ఇస్పేట్ల పంపకమే మారిపోయింది. కొట్టేసినా జవాబు కదలని వాక్యం ఏదైనా ఉంటే అది దండగ, తీసెయ్.

ఇంకొకటి, జాతుల గుర్తులు గీయొద్దు, పేర్లే రాయి. జెరాక్సులో ఎరుపు పోతుంది, చిన్నగా గీసిన ఆఠీను ఇస్పేటు మాదిరే కనపడుతుంది.

మీ మామ