చీలమండ విరిగిన తరువాత నడక ఒక్కటే సరిపోతుందా?

కట్టు విప్పి రెండు నెలలు దాటిందని, ఎముక అతికిందని వైద్యులు చెప్పినా మెట్లు దిగేటప్పుడు కాలు గట్టిగా ఆనడం లేదని రాశారు. యాభై దాటిన వయసులో మునుపటి బలం రావాలంటే జిమ్‌లో చేరక తప్పదా, రోజూ బీచ్ రోడ్డులో నడిస్తే సరిపోతుందా, వచ్చే ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ చేయగలనా అని అడిగారు. కొన్నేళ్ల క్రితం, ఇంచుమించు మీ వయసులోనే, వానకు తడిసిన మెట్ల మీద జారి నాకూ ఎడమ చీలమండ విరిగింది. ఆ అనుభవం మీద చెబుతున్నాను. జిమ్ తప్పనిసరి కాదు గాని, నడక ఒక్కటే చాలదు.

కట్టులో ఉన్న వారాలలో ఎముక అతుకుతుంది. అదే సమయంలో పిక్క కండరం పని లేక సన్నబడుతుంది, కీలు బిగుసుకుపోతుంది, పాదం ఎటు వాలుతున్నదో వెంటనే పసిగట్టి సర్దుకునే నేర్పు కూడా తగ్గుతుంది. చదునైన రోడ్డు మీద నడిచేటప్పుడు శరీరం మనకు తెలియకుండానే బరువును మంచి కాలి మీదకు మళ్లిస్తుంది కనుక, నెలల తరబడి నడిచినా దెబ్బ తగిలిన కాలికి రావలసిన పని రాకుండానే పోవచ్చు. మా ఫిజియోథెరపిస్టు టేపుతో నా రెండు పిక్కలూ కొలిచి చూపించినప్పుడు ఈ సంగతి నాకు స్పష్టమైంది. ఎముక కూడా తన మీద పడే భారాన్ని బట్టే తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే ప్రతిపాదించారు. అందువల్ల వైద్యులు బరువు మోపవచ్చని అనుమతించిన తరువాత కూడా కాలును అతిగా కాపాడుకుంటూ కూర్చోవడం మేలు చేయదు.

నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపకరించింది మడమలు ఎత్తడం. వంటగట్టును పట్టుకుని, పాలు కాగేలోపు, రెండు మడమలూ నెమ్మదిగా ఎత్తి నెమ్మదిగా దించేవాణ్ణి. అది తేలికైన తరువాత రెండు కాళ్లతో పైకి లేచి దెబ్బ తగిలిన కాలి మీద మాత్రమే దిగడం, చివరికి ఆ ఒక్క కాలితోనే లేవడం మొదలుపెట్టాను. ఈ చివరి మెట్టు చేరడానికి నెలలు పడుతుంది, ఓపిక పట్టండి; మెట్లు దిగేటప్పుడు మీకు కలుగుతున్న భయం చాలావరకు పిక్క బలం లేకపోవడం వల్లా, చీలమండ ముందుకు వంగకపోవడం వల్లా కలిగేదే. వంగడం పెరగాలంటే గోడకు ఎదురుగా నిలబడి, మడమ నేల మీద ఉంచి, మోకాలిని గోడకు తాకించే ప్రయత్నం చేయండి. పళ్లు తోముకునేటప్పుడు గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడటం వల్ల పాదం మళ్లీ నిలకడ నేర్చుకుంటుంది.

మన ఇళ్లలో దెబ్బ తగిలిన మనిషికి ప్రేమతో ముందుగా తెచ్చి వేసేది కుర్చీ. కొన్ని వారాలు అది అవసరమే. కానీ నేల మీద కూర్చుని లేవడం శాశ్వతంగా మానేస్తే, దానితోపాటు తొడల బలం, తుంటి కదలిక కూడా మెల్లగా పోతాయి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, తరువాత ఎత్తు పీట మీద నుంచి, ఆ తరువాత మంచాన్ని పట్టుకుని నేల మీద నుంచి లేవడం, ఈ క్రమంలో తిరిగి అలవాటు చేసుకోండి. రైతుబజారు నుంచి కూరగాయలు తెచ్చేటప్పుడు ఒకే సంచీ బదులు రెండు చేతులకూ సమానంగా మోయండి. మెట్ల దగ్గర, బలం వచ్చే దాకా, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు వేయాలి. చేతికర్ర మంచి కాలి వైపు చేతిలో ఉండాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమతోపాటు, కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం కూడా ఉండాలని చెబుతున్నాయి. ఉదయం వాహనాలు లేని వేళ బీచ్ రోడ్డు మీద చేసే నడక మొదటి భాగాన్ని చక్కగా పూర్తి చేస్తుంది. పొడి ఇసుకలోకి మాత్రం ఇప్పుడే దిగవద్దు. అందులో నడవడానికి గట్టి నేల మీదకంటే రెట్టింపుకు పైగా శక్తి కావాలి, చీలమండ అడుగడుగునా పక్కలకు ఒరుగుతుంది.

ఎంత చేయాలో మరునాటి ఉదయం తేల్చుకోండి. చేసేటప్పుడు కొద్దిగా నొప్పి ఉండవచ్చు, సాయంత్రానికి కాస్త వాపు రావడం కూడా నెలల తరబడి మామూలే. మరునాడు లేచేసరికి అది ముందు రోజుకంటే ఎక్కువగా ఉంటే ఆ పనిని సగానికి తగ్గించాలి. అయితే పిక్క ఒక్కసారిగా వాచి, వేడెక్కి, నొప్పి పెడితే, లేదా ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే అది రక్తం గడ్డకట్టడం కావచ్చు కనుక వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మీ కాలిలో ప్లేటు, స్క్రూలు ఉంటే ఒంటికాలి వ్యాయామాలకు ముందు శస్త్రచికిత్స చేసిన వైద్యులను అడగండి.

ఇక గిరిప్రదక్షిణ. కొండ దిగువన తొలి పావంచా, అంటే మొదటి మెట్టు, వద్ద కొబ్బరికాయ కొట్టి బయలుదేరి, హనుమంతవాక, ఎన్ఏడీ కూడలి మీదుగా 32 కిలోమీటర్లు చుట్టి రావాలి. చాలామంది వట్టి కాళ్లతో రాత్రంతా నడుస్తారు. కండరాలకంటే, వాటిని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు నెమ్మదిగా బలపడతాయి కనుక దూరాన్ని వారం వారం కొద్దిగానే పెంచండి. దెబ్బ తగిలిన కాలి మడమను మంచి కాలితో సమానంగా ఎత్తగలిగి, సింహాచలం మెట్లు ఏదీ పట్టుకోకుండా దిగగలిగి, పదిహేను కిలోమీటర్లు నడిచిన మరునాడు వాపు లేకుండా లేవగలిగితే నిశ్చింతగా వెళ్లండి. ఆ స్థితి ఈ ఆషాఢానికి రాకపోతే, కొండ మీద ఆలయంలోనే ప్రదక్షిణ చేసి అప్పన్న దర్శనం చేసుకోండి. పెద్ద చుట్టు పై ఏడాదికి పెట్టుకోండి.