స్క్రీనింగ్ బాగా జరుగుతోందని ఏ లెక్క చూసి చెప్పాలి?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు మీ మండలంలో ఇంతమందికి చేశామని చెబుతున్నారు, ఆ సంఖ్యను నమ్మి పని బాగుందనుకోవచ్చా అని అడిగారు. అనుకోకండి. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో కొన్నేళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేశాను. ఆ సంఖ్య చూసి నేనూ మురిసిపోయినదాన్నే.

ఒక ఏడాది డిసెంబరులో శిబిరం పెట్టాము. ఏడుగురికి పాజిటివ్ వచ్చింది. ఏడు పేర్ల ఎదుటా ‘కర్నూలుకు పంపడమైనది’ అని నా చేతితోనే రాశాను. రిజిస్టరులో ఆ తరువాత ఇంకో గడి లేదు. మార్చిలో ఎందుకో మనసు ఊరుకోక వరుసగా ఫోన్లు చేశాను. మూడు నంబర్లు భర్తలవి. ‘ఆమెకు ఏమి జబ్బు?’ అని ఒకాయన గద్దించి అడిగాడు. పాజిటివ్ అంటే క్యాన్సర్ అని కాదు, ఇంకో పరీక్ష కావాలని అర్థం. ఆ ముక్క శిబిరం రోజున ఆమెకే సరిగా చెప్పలేదు, ఇక ఆయనకు ఏమని చెప్పను? ఆ ఇంకో పరీక్ష, అంటే ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే కాల్పోస్కోపీ, చేయించుకున్నది ఇద్దరే. ఒకరి నంబరు పనిచేయలేదు. మిగిలిన నలుగురూ సంక్రాంతి కాగానే గుంటూరు వైపు మిరపకాయల కోతకు వెళ్లిపోయారు. ఏటా సగం ఊరు వలస పోయే చోట డిసెంబరులో శిబిరం పెట్టిన తెలివి మాది!

అందుకే రిజిస్టరు చేతికొస్తే మొత్తం సంఖ్యను వదిలేసి పాజిటివ్ పేర్లు వెతకండి. వారిలో ఎందరు కాల్పోస్కోపీకి చేరారు, ఎన్నాళ్లకు చేరారు, బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) ఫలితం ఆమె చేతికి అందిందా, చికిత్స పూర్తయిందా అని అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030 నాటికి పెట్టుకున్న 90-70-90 లక్ష్యాలు వరుసగా టీకా, పరీక్ష, చికిత్స నూటికి ఎందరికి అందాలో చెబుతాయి; వాటిలో చివరి 90 చికిత్స గురించే. మనం మాత్రం మధ్యలో ఉన్న 70 దగ్గరే, అంటే పరీక్షల దగ్గరే ఆగిపోతాము.

పరీక్ష ఎలా చేస్తున్నారో కూడా చూడండి. మన దగ్గర ఎక్కువగా చేసేది వీఐఏ. ఎసిటిక్ ఆమ్లం అద్ది, ఒక నిమిషం ఆగి, తెల్లమచ్చ తేలుతుందేమో చూడాలి. ఒక్క నర్సు మధ్యాహ్న భోజనానికి ముందే నూరు మందిని చూసేసిందంటే ఆ నిమిషం ఎక్కడిది? వందల మందిలో ఒక్క పాజిటివ్ కూడా లేదన్న నివేదిక చూస్తే నాకు భయమే. ముట్లు ఆగిపోయినవారిలో చూడవలసిన భాగం లోపలికి జరిగి చాలాసార్లు కంటికి ఆనదు. అలాంటివారికి నెగెటివ్ అని రాసి పంపేయకూడదు, వేరే పరీక్షకు పంపాలి.

తరువాత మేము రిజిస్టరులో స్కేలుతో మూడు గడులు గీసుకున్నాము: ఆమె నమ్మే ఇంకొకరి నంబరు, కర్నూలు వెళ్లిన తేదీ, చికిత్స అయినవారికి ఏడాది తరువాత మళ్లీ పరీక్ష చేయవలసిన తేదీ. శిబిరాన్ని దసరాకు ముందుకు జరిపాము. ఆ నలుగురిలో ముగ్గురు ఉగాదికి ఊరికి వస్తే ఆశా కార్యకర్త తెల్లవారుజాము బస్సుకు వెంటబెట్టుకొని కర్నూలు తీసుకెళ్లింది.