బండి ప్రశ్నలు, జవాబులు: వచ్చిపోయే కరెంటు తంటా

ప్రశ్న: అన్నా, మాది విడవలూరు మండలం. 2008 మోడల్ డీజిల్ పికప్ ఉంది. గుంటల దగ్గర రొయ్యలు ఐసు ట్రేల్లో వేసుకుని నెల్లూరుకు తోలుతుంటాను. కొన్నాళ్లుగా ఒకటే తంటా. ఒక్కోసారి తాళం తిప్పితే సెల్ఫ్ ‘టిక్’మని ఊరుకుంటుంది. ఒకసారైతే రోడ్డు మీద పోతా పోతా ఇంజినే ఆగిపోయింది. కాసేపాగి తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. షాపుకు తీసుకుపోతే అక్కడ బుద్ధిగా ఉంటుంది. బ్యాటరీ కొత్తది వేశాను, సెల్ఫ్ మోటారు విప్పించి బ్రష్‌లు మార్పించాను, తాళం స్విచ్ కూడా మార్చాను. తేడా లేదు. బ్రేకు తొక్కినప్పుడు వెనక ఇండికేటర్ కూడా సన్నగా వెలుగుతోందని వెనకొచ్చే వాళ్లు చెప్తున్నారు, అది వేరే సంగతి. లోడు మీద ఆగితే ఐసు కరిగి సరుకు పోతుందని టెన్షన్. ఇంట్లో వాళ్లు అమ్మేయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మొద్దు తమ్ముడూ. ఇంకో పార్టు కూడా కొనొద్దు. ‘వేరే సంగతి’ అని నువ్వు పక్కన పెట్టిన ముక్కే నాకు అన్నిటికంటే పనికొచ్చింది.

బ్రేకు బల్బులోంచి బయటికొచ్చిన కరెంటు ఎర్త్ వైరు గుండా చాసిస్‌లోకి (బండి ఇనుప చట్రం) దిగి బ్యాటరీ మైనస్‌కు చేరాలి. ఆ ఎర్త్ తెగినా, తుప్పు పట్టినా అది పక్కనున్న ఇండికేటర్ బల్బు ఫిలమెంటులో దూరి, దాని మీదుగా దారి వెతుక్కుంటుంది. అందుకే నువ్వు తొక్కింది బ్రేకైనా వెలిగేది ఇండికేటర్. అంటే నీ బండి వెనక లైట్లకు ఎర్త్ లేదు. అక్కడ పోయిన ఎర్త్ ముందు మాత్రం పదిలంగా ఉందని నేను అనుకోను.

కారణం నీ వృత్తిలోనే ఉంది. ఐసు కరిగిన నీళ్లు, గుంటల నుంచి ట్రేలతో పాటు వచ్చిన ఉప్పునీళ్లు కలిసి తొట్టి సందుల్లోంచి కారి చాసిస్ మీద, వెనక కప్లర్ల (వైర్లను కలిపే ప్లగ్గుల) మీద పడుతుంటాయి. దానికి తోడు మైపాడు నుంచి రామతీర్థం దాకా మన తీరమంతా ఉప్పుగాలి. ఇనుముకు తుప్పు పడితే కంటికి కనబడుతుంది. రాగి తీగ అలా కాదు. పైన ప్లాస్టిక్ తొడుగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల పచ్చ చిలుం పట్టి తీగ పొడి పొడి అయిపోతుంది. అనుమానం ఉన్న వైరును వేళ్లతో వంచి చూడు. మంచి వైరు మెత్తగా వంగుతుంది. చిలుం పట్టింది బిరుసుగా ఉండి లోపల కరకరమంటుంది. దాన్ని చివర్లో అంగుళం కోసి చూసి సరిపెట్టుకోవద్దు. ఎర్రటి రాగి కనబడేదాకా కోసుకుంటూ పో. కనబడకపోతే ఆ వైరు మొత్తం మార్చు.

ఇక సెల్ఫ్ ‘టిక్’ సంగతి. తాళం తిప్పినప్పుడు అసలు చప్పుడే రాకపోతే తప్పు సన్న వైరు దారిలో ఉంటుంది, అంటే తాళం స్విచ్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), సెల్ఫ్ మీది సోలినాయిడ్‌కు (అదే పని చేసే పెద్ద అయస్కాంత స్విచ్) పోయే చిన్న వైరు. ‘టిక్’మని వచ్చి ఆగిందంటే సన్న వైరు తన పని తాను చేసింది, లావు కేబుల్ దారిలో కరెంటు చాలలేదు. సెల్ఫ్ లాగే కరెంటు వందల ఆంపియర్లలో ఉంటుంది. అందులో ఒక సగం దారి ప్లస్ కేబుల్ అయితే, మిగతా సగం ఎర్త్. మన వాళ్లు ప్లస్ వైపు చూసినంత శ్రద్ధగా మైనస్ వైపు చూడరు.

ఇంజిన్ రబ్బరు ఫౌండేషన్ల మీద కూర్చుని ఉంటుంది. రబ్బరులోంచి కరెంటు పోదు. అందుకే ఇంజిన్‌కూ చాసిస్‌కూ మధ్య జడలాగా అల్లిన రాగి పట్టీ ఒకటో, లావు నల్ల కేబులో వేసి ఉంటారు. పాత బళ్లలో గేరుబాక్సో క్లచ్చో దించినప్పుడు దాన్ని విప్పి, తిరిగి బిగించడం మర్చిపోయిన వాళ్లున్నారు. బిగించినా రంగు మీద, గ్రీజు మీద బిగించిన వాళ్లున్నారు. ఆ పట్టీ సరిగా లేకపోతే సెల్ఫ్ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ మీదుగా పోవాలని చూస్తుంది. సెల్ఫ్ కొట్టగానే ఆ కేబుల్ ముట్టుకుని చూడు. వెచ్చగా ఉంటే ఇంకేమీ వెతకక్కర్లేదు.

షాపులో దొరకని తప్పు నీ చేతిలో దొరుకుతుంది, ఎందుకంటే అది వచ్చినప్పుడు బండి దగ్గర ఉండేది నువ్వే. ఒక చవక మల్టీమీటర్ కొని డ్యాష్‌బోర్డులో పడేసుకో. 20 వోల్టుల డీసీలో పెట్టు. నల్ల పుల్ల బ్యాటరీ మైనస్ మీద ఆనించు, క్లాంపు మీద కాదు, సీసం బొడిపె మీదే. ఎర్ర పుల్ల ఇంజిన్ బ్లాకు మీద రంగు, గ్రీజు లేని చోట నొక్కిపట్టు. ఇంకొకర్ని తాళం తిప్పమను. 0.2 వోల్టు లోపు చూపిస్తే ఆ ఎర్త్ బాగున్నట్టు. అర వోల్టు దాటితే బాగాలేనట్టు. సెల్ఫ్ ‘టిక్’మని ఆగిన సమయంలో నాలుగైదు వోల్టులు చూపినా ఆశ్చర్యపోవద్దు, అన్ని వోల్టులూ ఆ తుప్పులోనే పోతున్నాయని అర్థం. మైనస్ బాగుంటే ఇదే పరీక్ష ప్లస్ వైపు చెయ్యి, బ్యాటరీ ప్లస్ బొడిపె నుంచి సెల్ఫ్ మీది పెద్ద బోల్టు దాకా.

మీటర్ లేకపోతే జంపర్ కేబుల్ చాలు. సెల్ఫ్ మొరాయించినప్పుడు బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్ బ్లాకుకు ఒక కేబుల్ తగిలించి తాళం తిప్పు. గిర్రున తిరిగిందా, తీర్పు అయిపోయింది.

ఉత్త మీటరుతో వైరు చివర వోల్టులు చూసి ‘కరెంటు వస్తోంది, వైరు బాగుంది’ అనేవాళ్ల మాట నమ్మొద్దు. తూము ముక్కాలు వంతు పూడినా తెల్లారేసరికి చివరి గుంట నిండే ఉంటుంది, మోటారు వేసి తోడితే కదా సంగతి తెలిసేది. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది. ఒక 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కట్టుకో. దాన్ని ఆ వైరు చివరకూ ఎర్త్‌కూ మధ్య తగిలించినప్పుడు నిండుగా వెలిగితేనే ఆ వైరు మోస్తున్నట్టు.

నడుస్తూ నడుస్తూ ఆగిన విషయంలో ఒక వివరం రాయలేదు నువ్వు. ఆగిన క్షణంలో డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైట్లు వెలిగాయా, అంతా చీకటైందా? అంతా చీకటైతే బ్యాటరీ టెర్మినల్, మెయిన్ ఫ్యూజ్, తాళానికి పోయే మెయిన్ వైరు చూడాలి. లైట్లు వెలుగుతూ ఇంజిన్ మాత్రమే ఆగితే డీజిల్ పంపు మీద ఉండే కట్-ఆఫ్ సోలినాయిడ్ వైరు మీద నా అనుమానం. దానికి కరెంటు అందినంతసేపే డీజిల్ పోతుంది. కప్లర్ ఒక్కసారి కదిలి కరెంటు తెగితే చాలు, ఇంజిన్ ఆగుతుంది. మళ్లీ కదిలితే అతుక్కుంటుంది. ఒకవేళ నీది కేబుల్ లాగి ఇంజిన్ ఆపే పాత రకం పంపు అయితే వైర్లు వదిలేసి డీజిల్ లైన్లో గాలి, ఫిల్టర్ చూడు.

సోలినాయిడ్ ఉన్న బండికి నేను చేసే పని ఇది. ఆ వైరు నుంచి చిన్న ఫ్యూజ్ వేసి ఒక తీగ తీసి, 5 వాట్ల పార్కింగ్ బల్బు స్టీరింగ్ పక్కన వేలాడదీస్తా. మామూలుగా వెలుగుతూనే ఉంటుంది. బండి ఆగిన క్షణంలో బల్బు కూడా ఆరిందా, తప్పు కరెంటుది. బల్బు వెలుగుతుండగానే ఆగిందా, తప్పు సోలినాయిడ్‌దో డీజిల్‌దో. వారం పాటు అలా తిప్పు, రోజూ వెళ్లే లోడుకే వెళ్లు. ఇంటి దగ్గర కూడా ఒక పరీక్ష ఉంది. ఇంజిన్ ఆన్‌లో పెట్టి, ఫ్యాను బెల్టుకు చెయ్యి దూరంగా ఉంచుకుని, వైరింగ్ కట్టను జానెడు జానెడు చొప్పున మెల్లగా కదుపుతూ పో. ఫ్యూజ్ బాక్సు, కప్లర్లు, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకు) రంధ్రంలోంచి కట్ట దూరే చోటు మీద ఎక్కువసేపు ఉండు. ఎక్కడ కదిపితే ఇంజిన్ తడబడిందో అక్కడే విప్పు.

పని మొదలుపెట్టే ముందు మైనస్ క్లాంపు తీసెయ్యి, అన్నీ అయ్యాక చివర్లో అదే బిగించు. ఎర్త్ బోల్టులన్నీ విప్పి, లగ్గు (వైరు చివరి లోహపు రింగు) కింద చాసిస్‌ను ఎమెరీ కాగితంతో తెల్లగా మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషర్ వేసి బిగించు. బిగించిన తర్వాత పైన వాజలీన్ పూయి. ముందు పూసి తర్వాత బిగిస్తే లాభం లేదు. వెనక లైట్లకు రెండు వైపులా కొత్త ఎర్త్ వైర్లు లాగి, ఒకే చోట శుభ్రమైన చాసిస్ బోల్టుకు కలుపు. మెలేసి టేపు చుట్టిన అతుకులు కనబడితే కోసెయ్యి. మన ఎండకు టేపు జిగురు కారిపోతుంది, తర్వాత ఉప్పునీళ్లు లోపలికి దూరతాయి. లోపల జిగురుండే స్లీవ్ తొడిగి వేడి చెయ్యి. టెస్ట్ లాంప్ సూదితో వైరును ఎక్కడ పడితే అక్కడ పొడిచే ఎలక్ట్రీషియన్లను బండి మీద చెయ్యి వెయ్యనివ్వొద్దు. ఆ బెజ్జాలే మళ్లీ చిలుం పట్టే చోట్లు.

తొట్టి నీళ్లు ఒక మూల నుంచి పైపు ద్వారా లైట్లకు దూరంగా పడేట్టు చేయించుకో. సరుకు దించాక చాసిస్ కింద మంచినీళ్లతో కడుగు. ప్రెజర్ గన్ మాత్రం ఫ్యూజ్ బాక్సు వైపు తిప్పొద్దు.

ప్రశ్న: కనిగిరి దగ్గర మా ఊరు. పాత పికప్ వారానికి రెండు మూడు రోజులే తీస్తాను. రెండ్రోజులు ఆపితే కొన్నిసార్లు బ్యాటరీ పూర్తిగా దిగిపోతుంది, కొన్నిసార్లు ఏమీ కాదు. బ్యాటరీ షాపులో బాగుందన్నారు.

జవాబు: ఆపి ఉంచినప్పుడు ఏదో తాగుతోందండీ. ఒక్క ఆంపియర్ లీకైనా రెండ్రోజుల్లో 48 ఆంపియర్-అవర్లు పోతాయి, మామూలు పికప్ బ్యాటరీకి అది సగం పైమాటే. తాళం తీసి, తలుపులు మూసి, మైనస్ క్లాంపు విప్పి, మీటర్‌ను 10 ఆంపియర్ల పాయింటులో పెట్టి క్లాంపుకూ బొడిపెకూ మధ్య కలపండి. ఆ స్థితిలో పొరబాటున సెల్ఫ్ కొట్టొద్దు, మీటరు ఫ్యూజ్ ఎగిరిపోతుంది. 50 మిల్లీ ఆంపియర్లలోపు ఉంటే పర్వాలేదు. ఎక్కువైతే ఫ్యూజ్‌లు ఒక్కొక్కటే లాగండి, దేనికి అంకె పడిపోయిందో ఆ లైన్లో దొంగ ఉన్నాడు. అన్నీ లాగినా పడకపోతే డైనమో (ఆల్టర్నేటర్) మెయిన్ వైరు విప్పి చూడండి, డయోడ్ లీకై ఉండొచ్చు. ‘కొన్నిసార్లు’ అన్నారు కాబట్టి నా పందెం తర్వాత పెట్టించిన మ్యూజిక్ సిస్టం మీద, లేదా సరిగ్గా మూయని డ్యాష్‌బోర్డు పెట్టె లైటు మీద. ధాన్యం బస్తాల పక్కన ఆపుతుంటే ఎలుకలు కొరికిన వైర్లు కూడా చూసుకోండి.

ప్రశ్న: చీమకుర్తి నుంచి రాస్తున్నా. క్వారీ రోడ్డు మీద రాత్రిళ్లు నడపడానికి హెడ్‌లైట్లకు 100 వాట్ల బల్బులు వేయించా. అరగంట బాగా వెలుగుతాయి, తర్వాత డల్ అయి ఒక్కోసారి పూర్తిగా ఆరిపోతాయి, స్విచ్ దగ్గర కాలిన వాసన. ఫ్యూజ్ పోతోందని రేకు చుట్టి పెట్టాను.

జవాబు: ముందు ఆ రేకు తీసెయ్. ఈ జవాబు చదవడం ఆపి, తీసి రా.

కంపెనీ 60 వాట్ల బల్బులు రెండు కలిసి 10 ఆంపియర్లు లాగుతాయి. నువ్వు వేసినవి దాదాపు 17. ఆ స్విచ్, ఆ సన్న వైరు దానికి చేసినవి కావు. వేడెక్కి స్విచ్ లోపలి పట్టు సడలుతోంది, చల్లారాక మళ్లీ అతుకుతోంది. పాత బల్బులే పెట్టి, బ్యాటరీ నుంచి నేరుగా మందపు వైరు, మధ్యలో రిలే వెయ్యి. రిలే మీద 30 అని రాసున్న పిన్ను దగ్గరికి బ్యాటరీ లైను, 87 నుంచి బల్బులకు, 86కు పాత స్విచ్ వైరు, 85 ఎర్త్. హై బీముకు ఒక రిలే, లో బీముకు ఒక రిలే. బ్యాటరీ పక్కనే 20 ఆంపియర్ల పసుపు ఫ్యూజ్. పాత వైరులో వృథాగా పోయే వోల్టులు బల్బుకు అందేసరికి 60 వాట్లవే నీకు చాలతాయి. గ్రానైట్ దుమ్ము పట్టిన లైటు అద్దాలు తుడవడం కూడా మర్చిపోకు. ఎదురొచ్చే డ్రైవరు నిన్ను తిట్టుకోడు.

ప్రశ్న: అన్నయ్యా, మా వారి పికప్‌లో కుడి ఇండికేటర్ వేస్తే టకటకమని గబగబా కొట్టుకుంటుంది, ఎడమది మామూలుగా ఉంది. వర్షం పడిన రోజే ఇలా. ఫ్లాషర్ (ఇండికేటర్‌ను వెలిగించి ఆర్పే డబ్బా) మార్చాలంటున్నారు. (ఒంగోలు)

జవాబు: ఫ్లాషర్ పోతే రెండు వైపులా తేడా రావాలమ్మా. కుడివైపు ఒక బల్బు వెలగడం లేదు, ముందుదో వెనకదో దిగి చూడమనండి. వానకే వస్తోందంటే ఆ లైటు అద్దం కింద రబ్బరు చీలి, హోల్డర్‌లో నీళ్లు నిలుస్తున్నాయి. హోల్డర్ ఆరబెట్టి, గీకి, రబ్బరు మార్చమనండి. ఫ్లాషర్ జోలికి పోవద్దు.