రేటు తగ్గినా బిల్లు ఎందుకు పెరిగిందంటే

అన్నా, సిటీ బడ్జెట్‌లో టాక్స్ రేటు తగ్గించామన్నారు, మరి నా ఇంటి ప్రాపర్టీ టాక్స్ బిల్లు ఎందుకు పెరిగింది అని అడిగారు కదా, టెక్సాస్‌లో ఇల్లు కొన్న మనవాళ్లు చాలామంది ఇక్కడే కన్‌ఫ్యూజ్ అవుతారు. ఒక లెక్క చూడండి. పోయినేడు టాక్స్ కోసం ఇంటికి కట్టిన వాల్యూ 5 లక్షల డాలర్లు, రేటు వంద డాలర్లకి 45 సెంట్లు, అంటే 2250 అనుకోండి. ఈ ఏడు వాల్యూ 5.5 లక్షలు, రేటు 43 సెంట్లు, 2365 అయింది. రేటు తగ్గి కూడా 115 ఎక్కువ కడుతున్నాం!

అందుకే నోటీసులో నో న్యూ రెవెన్యూ రేటు అని ఉంటుంది, అది చూడండి, అవే ఇళ్ల మీద పోయినేడంత డబ్బే రావాలంటే ఎంత రేటు పెట్టాలో అది చెప్తుంది, కౌన్సిల్ పెట్టింది దానికంటే ఎక్కువుంటే పెంచినట్టే. చాలా సిటీలకి బడ్జెట్ ఏడాది అక్టోబర్ 1న మొదలు, హియరింగులు ఆగస్టు, సెప్టెంబర్‌లో పెడతారు, దయచేసి వెళ్లి మాట్లాడండి, నేను వెళ్లిన రోజు హాల్లో పదిమంది కూడా లేరు, చాలా బాధేసింది.

వాల్యూ ఎక్కువ కట్టారనిపిస్తే పెట్టే ప్రొటెస్ట్, అంటే అభ్యంతరం, మాత్రం మామూలుగా మే 15 లోపే. ఇంతకీ హోమ్‌స్టెడ్, అంటే మనం ఉండే సొంతింటికి ఇచ్చే టాక్స్ మినహాయింపు, అప్లై చేశారా? లేకపోతే ఇవాళే చెయ్యండి, టాక్స్ వేసే వాల్యూ ఏడాదికి 10 శాతం మించి పెరగకుండా ఆపే క్యాప్ దానికే వస్తుంది.