లాగిన్ గంటల లెక్క రాసే ముందు

తమ్ముడూ,

సర్వర్‌లో ఎవరు ఎంతసేపు లాగిన్ అయి ఉన్నారో లెక్కతీసే షెల్ స్క్రిప్ట్ (కమాండ్లని వరుసగా నడిపే చిన్న ప్రోగ్రామ్) రాయమన్నారని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశావు. స్క్రిప్ట్ పెద్దదేమీ కాదు, ఒక పేజీలో అయిపోతుంది. ముందు తేల్చుకోవాల్సింది, వాళ్లకి కావాల్సినవి ఏ గంటలు అని.

ఒకే మనిషి రెండు టెర్మినళ్లు తెరిచి ఉదయం 10 నుంచి సాయంత్రం 6 దాకా ఉన్నాడనుకో. సెషన్లన్నీ (లాగిన్ నుంచి లాగవుట్ దాకా ఒక్కోటీ ఒక సెషన్) కూడితే 16 గంటలు వస్తాయి. మనిషి ఉన్నది మాత్రం 8 గంటలే. మిషన్ వాడకం తెలియాలంటే మొదటి లెక్క, మనిషి ఉన్న సమయం తెలియాలంటే రెండో లెక్క. ఇది అడగకుండా కోడ్ రాస్తే, రిపోర్ట్ చూసినవాళ్లు రోజుకి 24 గంటలు దాటిన పేరు చూపించి నిన్నే నిలదీస్తారు.

సమాచారం కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. 'లాస్ట్' కమాండ్, లాగిన్‌లు లాగవుట్‌లు నమోదయ్యే డబ్ల్యూటీఎంపీ (wtmp) అనే బైనరీ ఫైల్ చదివి, ఒక్కో సెషన్ ఒక్కో లైన్‌గా చూపిస్తుంది. లైన్ చివర బ్రాకెట్లో గంటలు, నిమిషాలు ఉంటాయి. రోజు దాటితే గంటలకి ముందు రోజుల సంఖ్య, ప్లస్ గుర్తు వస్తాయి. చాలామంది ఈ ప్లస్ సంగతి పట్టించుకోరు. మూడు రోజులు వదలకుండా ఉన్న సెషన్ వాళ్ల లెక్కలో ఏవో రెండు మూడు గంటలై కూర్చుంటుంది. లైన్లని ముక్కలు చేసి లెక్కలు వేసే 'ఆక్' (awk) కమాండ్‌తో చివరి ఫీల్డ్ తీసుకో, బ్రాకెట్లు తీసెయ్, ప్లస్ ఉంటే రోజుల్ని 1440తో గుణించు, మొత్తం నిమిషాల్లోకి మార్చి యూజర్ పేరు మీద ఒక అర్రేలో కూడుకుంటూ పో.

కూడికలు బ్యాష్‌లోనే (స్క్రిప్ట్ నడిపే షెల్‌లోనే) చేస్తానంటావేమో. అక్కడ ముందు సున్నా ఉన్న అంకెని ఆక్టల్‌గా, అంటే 0 నుంచి 7 దాకా అంకెలే ఉండే లెక్కగా, తీసుకుంటుంది. 07 వరకు గొడవ ఉండదు, 08 రాగానే ఎర్రర్ కొడుతుంది. ఆక్‌కి ఆ పేచీ లేదు, అందుకే దాన్నే పట్టుకోమంటున్నాను.

లాస్ట్‌కి చిన్న డబ్ల్యూ (-w) ఆప్షన్ తప్పకుండా పెట్టు. లేకపోతే పొడుగు పేర్లు 8 అక్షరాల దగ్గర తెగిపోతాయి, మొదటి అక్షరాలు ఒకటే అయిన ఇద్దరి గంటలు ఒకే ఖాతాలో పడతాయి. పెద్ద ఎఫ్ (-F) పెడితే తేదీ, టైమ్ సంవత్సరంతో సహా వస్తాయి. 'రీబూట్' పేరుతో వచ్చే లైన్లు, అడుగున ఫైల్ ఎప్పుడు మొదలైందో చెప్పే లైను మనుషులవి కావు, వడపోసెయ్.

ఇక లాగవుట్ సరిగ్గా నమోదు కాని సెషన్లు. ఇంకా లాగిన్‌లోనే ఉన్నవాళ్లకి బ్రాకెట్లో టైమ్ ఉండదు. లాగిన్ టైమ్‌ని 'డేట్' కమాండ్‌తో సెకన్లలోకి మార్చి, ఇప్పటి టైమ్‌లోంచి తీసెయ్. 'క్రాష్' అని ఉన్నచోట టైమ్ కనిపిస్తుంది కానీ నమ్మకు. మిషన్ ఎప్పుడు పడిపోయిందో దానికి తెలియదు, మళ్లీ లేచిన క్షణం దాకా లెక్క కట్టేస్తుంది. రాత్రి పడిపోయి పొద్దున్నే లేస్తే రాత్రంతా ఆ యూజర్ ఖాతాలోకే. లాగవుట్ జాడే లేనివి కూడా కొన్ని తగులుతాయి. నేనైతే క్రాష్‌వీ, వీటినీ మొత్తంలో కలపకుండా రిపోర్ట్ కింద విడిగా చూపిస్తాను. ఊహించి అంకె వెయ్యడం కంటే అదే నయం.

లాగవుట్ జాడ లేకపోవడానికి, పాత లాగ్ ఫైళ్లని పక్కన పెట్టే లాగ్‌రొటేట్ కూడా కారణం కావచ్చు. చాలా సిస్టమ్స్‌లో అది డబ్ల్యూటీఎంపీ ఫైల్‌ని నెలకోసారి పక్కకి తప్పిస్తుంది. నెల మారేటప్పుడు లాగిన్‌లో ఉన్నవాడి లాగిన్ పాత ఫైల్లో, లాగవుట్ కొత్త ఫైల్లో పడతాయి. రికార్డులన్నీ ఒకే సైజువి కాబట్టి పాతది ముందు, కొత్తది వెనక పెట్టి 'క్యాట్'తో ఒక తాత్కాలిక ఫైల్‌గా కలిపి, చిన్న ఎఫ్ (-f) ఆప్షన్‌తో దాన్నే లాస్ట్‌కి ఇస్తే జంట కలుస్తుంది.

మనిషి ఉన్న సమయమే కావాలన్నారనుకో. ఒక్కో యూజర్ సెషన్లని మొదలైన టైమ్ ప్రకారం 'సార్ట్' చెయ్యి. ఇప్పటిదాకా చూసిన చివరి ముగింపు టైమ్‌ని గుర్తుపెట్టుకుంటూ వెళ్లు. కొత్త సెషన్ దానికి ముందే మొదలైతే మిగిలిన తోక మాత్రమే కలుపు, తోక కూడా లేకపోతే వదిలెయ్.

సెషన్ల మొత్తం ఒక్కటే చాలంటే 'ఏసీ' (ac) కమాండ్‌కి పీ (-p) ఆప్షన్ ఇస్తే యూజర్ల వారీగా గంటలు అదే చెబుతుంది. అకౌంటింగ్ ప్యాకేజీ వేసుకోవాలి, అంతే. స్క్రిప్ట్ రాసినా సరే, పక్కన దీన్నీ నడిపి పోల్చి చూడు.

రిపోర్ట్ ఇచ్చేటప్పుడు ఇవి పని గంటలు కావని పైనే రాసిపెట్టు. టెర్మినల్ తెరిచి వెళ్లిపోయినవాడి సమయమూ ఇందులో పడుతుంది. టెర్మినల్ లేకుండా ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌కి కలిసే పద్ధతి) మీద ఫైళ్లు కాపీ చేసినవాడు మామూలుగా ఇందులో కనిపించడు. దీన్ని హాజరు పట్టీలా వాడబోతున్నారని అనుమానం వస్తే, ఆ మాట నోటితో కూడా చెప్పు.

ఫైల్ దారిని స్క్రిప్ట్‌లో నాలుగుచోట్ల రాయకు, పైన ఒక వేరియబుల్‌లో పెట్టు. డబ్ల్యూటీఎంపీ పాత ఫార్మాట్‌లో టైమ్‌కి 32 బిట్లే ఉన్నాయి, 2038 జనవరి 19 దాటితే సరిపోవు. అందుకే కొన్ని డిస్ట్రిబ్యూషన్లు ఇప్పటికే డేటాబేస్ వాడే డబ్ల్యూటీఎంపీడీబీకి మారుతున్నాయి. మీ సర్వర్‌లో ఏదుందో చూసుకుని మొదలుపెట్టు. రాశాక నాకు పంపు, క్రాన్‌లో (టైమ్ ప్రకారం దానంతటదే నడిచేలా) పెట్టేముందు ఒకసారి చూస్తాను.

మీ అన్నయ్య